పేపర్లో లేని సిక్సర్

చొక్కా చేతి కాగితం మీద కత్తెర ఆగిపోయిన చోట, కిందటి వారం టైలరమ్మను వదిలేసి మనం ఎవరి పనుల్లోకి వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆవిడ మాత్రం అక్కడే నిలబడి ఉంది.

బట్ట మీద కత్తెర పెట్టేముందు టైలర్లు పాత న్యూస్ పేపర్ మీద కొలతలు గీసి ఆ ముక్క కత్తిరించుకుంటారు. స్కూలు యూనిఫాంల కోసం అలా కత్తిరించిన ఒక చేతి ముక్క మీద ఆటల పేజీ పడింది. "ఒక్క సిక్సరూ లేని మ్యాచ్" అని బొద్దు అక్షరాలు. తేదీ చూస్తే, మామగారు ఆ మ్యాచ్‌కి వెళ్లొచ్చారు. అల్మరాలోంచి ఆయన నోటుబుక్కు తీస్తే, అదే తేదీ కింద, ఆయన గుండ్రటి రాతలో ఉంది: "పదిహేడో ఓవర్. సిక్సర్. అందరూ లేచారు."

ఆ నోటుబుక్కుల సంగతి కొత్తగా వచ్చినవాళ్లకి చెప్పాలి. పెద్దాయన ముప్ఫై అయిదేళ్లు బస్సు నడిపాడు, ముప్ఫై అయిదేళ్లు మ్యాచ్‌లు చూశాడు. పరుగులన్నీ రాసుకునే అలవాటు ఆయనకు లేదు. "అవి రాయడానికి పేపర్ వాళ్లున్నారు. జనాన్ని కుర్చీల్లోంచి లేపినవి మాత్రమే నేను రాస్తాను" అంటాడు. ఫోర్, సిక్సర్, వికెట్, ఒక మంచి క్యాచ్. అంతే. ఇన్నేళ్లలో ఒక్క తప్పు రాయలేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాడు, వాళ్లు అడిగినా అడగకపోయినా.

అలాంటి మనిషి లేని సిక్సర్ రాశాడు.

దానికి తోడు పక్క సెలూన్ ఆయన అంటించి వెళ్లిన మాటలున్నాయి. తూర్పు స్టాండ్ టికెట్ ఇప్పుడు తొమ్మిది వందలట. టైలరమ్మ మ్యాచ్‌కి రెండు వందల చొప్పున ఇస్తోంది, ఎప్పుడో టికెట్ రెండు వందలున్నప్పుడు మొదలుపెట్టిన అలవాటు. మామగారు ఏ రోజూ చాలదని అనలేదు. పైగా గ్రౌండ్ వెనక సందులో కొంతమంది కూర్చుని పందేలు కాస్తున్నారని సెలూన్ ఆయన ఎవరి దగ్గరో విన్నాడట. ఆయన కత్తి కన్నా నాలుక పదును, అది వీధి మొత్తానికీ తెలుసు. అయినా విన్నాక మనసు ఊరుకోదు కదా.

ఆవిడకు పోయే డబ్బు మీద అంత దిగులు లేదు. పెళ్లయిన కొత్తలో "నాకు కుట్టుపని వచ్చు" అంటే అత్తవారింట్లో అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులోంచి మిషన్ కొనిచ్చాడు. భర్త పనిచేసే గోడౌన్ పోయిన నెల మూతపడ్డాక ఇల్లు నడిచింది ఆ మిషన్ మీదే. అలాంటి మామయ్య పందేలకు దిగితే ఇంక ఎవర్ని నమ్మాలి? ఆవిడ బాధ అది.

"మామయ్యా, ఆ గుండీలు కాసేపు పక్కన పెట్టండి."

గుమ్మం దగ్గర స్టూలు మీద పెద్దాయన చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. షాపులో ఆయన డ్యూటీ అది.

"మూడింటికి మ్యాచ్ కదమ్మా. సీజన్‌లో ఇదే ఆఖరిది. ఈలోపు ఈ ఆరు చొక్కాలూ అయిపోతే..."

"మ్యాచ్ సంగతే మాట్లాడాలి."

ఆవిడ కటింగ్ బల్ల మీద కాగితం చెయ్యినీ నోటుబుక్కునీ పక్కపక్కన పెట్టింది. ఫ్యాన్ గాలికి ఎగరకుండా వాటి మీద కత్తెర పెట్టింది. పెద్దాయన లేచి వచ్చి, కళ్లజోడు సర్దుకుని ముందు పేపర్ చదివాడు, తర్వాత తన రాత చదువుకున్నాడు. ఇంకొకరైతే పేపర్ వాళ్లే తప్పు రాశారని ఒక్క మాటతో తప్పించుకునేవారు.

"పేపర్ కరెక్టే తల్లీ" అన్నాడాయన.

"మరి మీరు రాసింది?"

"నేను విన్నది రాశాను."

"విన్నదేంటి? మీరు చూడలేదా?"

పెద్దాయన జోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. రెండద్దాలూ తుడిచి, అవసరం లేకపోయినా మళ్లీ మొదటిది తుడిచాడు.

"రెండేళ్లయింది లోపలికి వెళ్లి" అన్నాడు. "ఆ సీజన్ మొదటి మ్యాచ్‌కి లైన్లో నిలబడితే, కిటికీలో అతను ఆరొందలన్నాడు. నేను మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. 'పెద్దాయనా, వెనకాల జనం ఉన్నారు' అన్నాడు. మర్యాదగానే అన్నాడులే. పక్కకి వచ్చేశాను. ఇంటికి రాబుద్ధి కాలేదు. గోడ పట్టుకుని అలా నడుచుకుంటూ వెనక సందులోకి పోయాను. అక్కడ నాలాంటి వాళ్లు నలుగురున్నారు."

"ఆ సందులో ఏం చేస్తారు?"

"వింటాం."

టైలరమ్మ ఇంకేదో వినబోతున్నానని గుండె దిటవు చేసుకుని ఉంది. ఈ జవాబు వస్తుందని అనుకోలేదు.

"రంగు డబ్బాలు బోర్లించుకుని కూర్చుంటాం" అని పెద్దాయన మొదలుపెట్టాడు. చెబుతున్నకొద్దీ గొంతు లేచింది. "బ్యాట్ చప్పుడు గోడవతలికి బాగానే వస్తుంది. ఫోర్ అయితే అరుపు ఒక పక్క మొదలై బంతితో పాటు పోతుంది. సిక్సర్ అయితే అందరూ పైకి చూస్తారు కదా, ఒక్క క్షణం ఊపిరి కూడా వినబడదు, తర్వాత మొత్తం ఒకేసారి. మనవాడు అవుటైతే చప్పట్లు తడిసిన బట్ట దులిపినట్టుంటాయి. ఎవరొచ్చారో, ఎవరు పోయారో మైకులో చెబుతారు. ఇంకేం కావాలి? నిజం చెప్తున్నా, లోపల కూర్చున్నప్పుడు కన్నా ఇప్పుడే శ్రద్ధగా చూస్తున్నాను."

"చూడటం ఎక్కడిది మామయ్యా?"

"అదేలే. వింటున్నాను."

"మరి ఈ సిక్సర్?"

పెద్దాయన తల గోక్కున్నాడు.

"ఆ రోజు కూడా అంతే. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత ఒకటే అరుపు. గోడ అదిరింది. రాసేశాను. మ్యాచ్ అయ్యాక బయటికొచ్చిన వాళ్లని అడిగితే, పెద్ద తెర మీద ఏదో సీటు నంబరుకి లాటరీ తీశారట. వచ్చే సీజన్ మొత్తానికీ ఫ్రీ పాస్. అందుకని లేచారు."

ఆ రోజు జనం అంత గట్టిగా అరిచింది ఆట చూసి కాదన్నమాట, ఎవరికో ఆట ఉచితంగా వచ్చినందుకు.

"కొట్టెయ్యకపోయారా?"

"అందరూ లేచిన మాట నిజమే కదా" అన్నాడు పెద్దాయన. "కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు."

టైలరమ్మకు నవ్వొచ్చింది, కానీ పైకి రానివ్వలేదు. అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

"సరే. లోపలికి వెళ్లలేదు. టికెట్ కొనలేదు. మరి ప్రతిసారీ నా దగ్గర తీసుకున్న రెండొందలు ఏమయ్యాయి?"

అంతసేపూ గలగలా మాట్లాడిన మనిషి జోడు పెట్టుకుని గుండీల వైపు చూశాడు.

"ఖర్చయ్యాయి."

"దేనికి?"

"అది చెప్పను తల్లీ. చెడ్డపనికి మాత్రం కాదు."

ఈ మాట ఎవరు అంటారో టైలరమ్మకు తెలుసు. చెడ్డపని చేసేవాళ్లే అంటారు. ఆవిడకు అక్కణ్ణుంచి కాసేపు కదలాలనిపించింది. నీలం దారం కూడా పొద్దున్నే అయిపోయింది, అదే వంక దొరికింది. భర్త కొత్త ఉద్యోగం యూనిఫాం ప్యాంటుకి కాళ్ల అంచు మడిచి కుడుతుంటే సరిగ్గా చివర నాలుగంగుళాల దగ్గర రీలు ఖాళీ అయింది. ఆయన బూట్లేసుకుని గుమ్మంలో తొందరపడుతుంటే, చేతికందిన నల్లదారంతో ముగించి పంపింది. పదకొండు రోజులు ట్రైనింగ్, ఇవాళ మొదటి డ్యూటీ. ఉద్యోగం ఎక్కడంటే "ముందు నిలదొక్కుకోనీ, చెప్తా" అంటాడు. వెళ్తూ వెళ్తూ మాత్రం ఒక మాట అడిగాడు, "నాన్న తూర్పు స్టాండ్‌కేగా వెళ్లేది?" అని. అవునంటే హమ్మయ్య అన్నట్టు తలూపి వెళ్లిపోయాడు. ఆ తలూపుడు గురించి ఆలోచించే తీరిక అప్పుడు ఆవిడకు లేదు.

పర్సు తీసుకుని బయటికి నడిచింది.

దారాల షాపు రెండు వీధుల అవతల. ఊళ్లో టైలర్లంతా అక్కడే కొంటారు, అందరూ ధరలు మండిపోతున్నాయని ఏడుస్తారు. మన టైలరమ్మ మాత్రం ఏడవదు. పన్నెండు రీళ్ల పెట్టె, రీలు ఇరవై రెండు. రెండేళ్ల కిందట ఏ ధరో, ఇప్పటికీ అదే ధర. నెలకు రెండుసార్లు వెళ్లి, అరగంట బేరమాడి, షాపాయన చేత "మీతో గెలవలేనమ్మా" అనిపించుకుని వస్తుంది. తోటి టైలర్లకు "అడగడం చేతకావాలి" అని సలహా కూడా ఇస్తుంటుంది.

ఇవాళ షాపాయన భోజనానికి లోపలికి వెళ్లాడు. కౌంటర్ దగ్గర ఆయన భార్య కూర్చుంది.

"నీలం ఒక పెట్టె ఇవ్వండి అక్కా. నాకిచ్చే ధరకే."

"మీకిచ్చే ధరేంటమ్మా?"

"రీలు ఇరవై రెండు."

షాపావిడ టైలరమ్మ మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసింది. "ఆ ధరకి ఉత్త ప్లాస్టిక్ రీలు కూడా రాదమ్మా, దాని మీద దారం సంగతి తర్వాత. ముప్ఫై ఎనిమిది. అందరికీ అంతే."

"మీ ఆయన్ని అడగండి. రెండేళ్లుగా నాకు..."

"ఏవండీ, ఈవిడెవరో ఇరవై రెండు అంటున్నారు" అని ఆవిడ లోపలికి కేకేసింది.

షాపాయన తడి చెయ్యి ఎత్తిపట్టుకుని పరుగున వచ్చాడు. "ఆగు ఆగు" అంటూనే వచ్చాడు గాని, అప్పటికే అంతా అయిపోయింది. టైలరమ్మ వైపు, భార్య వైపు చూసి బెంచీ చూపించాడు.

"కూర్చోండమ్మా. పెద్దాయన నా చేత మాట తీసుకున్నారు. ఇంక దాచి లాభం లేదు."

సంగతి చాలా చిన్నది. దారం ధర పెరిగినప్పుడు ఈ మాట కోడలికి చెప్పొద్దని పెద్దాయన వచ్చి అడిగాడు. తేడా తను కడతానన్నాడు. మ్యాచ్ ఉన్న ప్రతి రోజూ గ్రౌండ్‌కి వెళ్లే దారిలో ఆగి, పెట్టెకి పడే తేడా ఇచ్చి పోతున్నాడు. నెలకు రెండు మ్యాచ్‌లు, రెండు పెట్టెలు. రీలుకి పదహారు చొప్పున పెట్టెకి నూట తొంభై రెండు.

"ఇంకో మాట కూడా చెప్పేస్తాను" అన్నాడు షాపాయన. "మీరు బేరమాడినప్పుడల్లా ఓడిపోయినట్టు మొహం పెట్టమని కూడా ఆయనే చెప్పారు. మొదట్లో చాలా కష్టమయ్యేది. తర్వాత అలవాటైపోయింది."

టైలరమ్మ చెవులు వేడెక్కాయి. రెండేళ్లుగా వీధి వీధంతా చెప్పుకున్న గొప్పలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పెట్టెకి పూర్తి ధర ఇచ్చి, బేరమాడకుండా బయటపడింది. మలుపు తిరిగేదాకా సిగ్గే ఉంది. మలుపు తిరిగాక, మూసి ఉన్న ఏదో షాపు మెట్టు దగ్గర నిలబడిపోయి నవ్వింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి, కొంగు లేని బట్టలు కాబట్టి మోచేత్తో తుడుచుకుంది. పందేలు లేవు. అప్పులు లేవు. మామయ్య మామయ్యే. రెండు వారాలుగా గుండె మీద కూర్చున్న బరువు దిగిపోయి, ఒళ్లు తేలికపడింది. ఆవిడకు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది.

తిరిగి వచ్చేసరికి పెద్దాయన అయిదో చొక్కా గుండీలు పూర్తిచేసి, అయస్కాంతంతో కింద పడ్డ గుండుసూదులు ఏరుతున్నాడు. ఆవిడ చేతిలో దారం పెట్టె చూసి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

"షాపులో ఎవరున్నారు?" అని మెల్లగా అడిగాడు.

"ఆయన భార్య."

"హు" అని పెద్దాయన స్టూలు మీద కూలబడ్డాడు.

"టికెట్ పెరిగిందని నాతో ఒక్క మాట అంటే ఏం పోయేది మామయ్యా?"

"అంటే నువ్వేం చేస్తావో నాకు తెలియదా? ఇంకో పది యూనిఫాంలు ఒప్పుకుంటావు. ఇప్పటికే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూస్తున్నావు. నేనొక పూట కుర్చీలో కూర్చోవడానికి నీ మెడ విరగాలా?"

"పోనీ డబ్బులు వద్దనొచ్చుగా."

"వద్దంటే ఎందుకని అడుగుతావు. అడిగితే నాకు అబద్ధం చెప్పడం రాదు."

"రెండేళ్లుగా చెప్పిందేంటి మరి?"

"నేనేం చెప్పాను? మ్యాచ్ బాగుందా మామయ్యా అని నువ్వడిగేదానివి. బాగుంది అనేవాణ్ణి. బాగానే ఉండేది." ఇంకోటి కూడా ఒప్పుకోవాలన్నట్టు గొంతు సవరించుకున్నాడు. "రెండొందల్లో ఎనిమిది మిగిలేవి. వాటితో టీ తాగాను తల్లీ. అది మాత్రం వాడుకున్నాను."

టైలరమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతుంటే, కోడలు ఏడుస్తోందనుకుని పెద్దాయన కంగారుగా మంచినీళ్లు తెచ్చాడు. తీరా చూసి తనూ నవ్వాడు. పక్క సెలూన్ ఆయన గెడ్డానికి సబ్బు పట్టించిన మనిషిని అలాగే వదిలేసి గుమ్మంలోకి తొంగిచూశాడు. ఏమీ అర్థంకాక వెళ్లిపోయాడు.

"రెండింటికి షాపు మూస్తున్నాను" అంది ఆవిడ. "నేనూ వస్తాను."

"ఎక్కడికి?"

"మీ సందుకి. సిక్సర్ ఎలా వినిపిస్తుందో నాకూ వినిపించండి."

పెద్దాయన వద్దన్నాడు, ఎండన్నాడు, రంగు డబ్బాలు గట్టిగా ఉంటాయన్నాడు. ఆవిడ పీలికలు కుక్కిన మెత్త ఒకటీ చిన్న స్టూలు ఒకటీ చంకన పెట్టుకుని షట్టర్ దించింది. దారంతా ఆయన పాఠం చెబుతూనే ఉన్నాడు, ఏ చప్పుడుకి చెవి ఎటు పెట్టాలో, పక్కవాళ్లు ఏమన్నా ఎందుకు కంగారుపడి లేవకూడదో. రెండేళ్లు దాచిన సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికితే ఎవరైనా అంతే. ఆయన నడక వేగానికి ఆవిడే వెనకబడింది.

గ్రౌండ్ ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. వాటిని దాటి, తూర్పు స్టాండ్ గోడ పట్టుకుని సందులోకి తిరిగారు.

సందు మొదట్లో ఇనుప కంచె అడ్డంగా ఉంది. నిన్నటిదాకా లేనిది. పెద్దాయన స్నేహితులు నలుగురూ రంగు డబ్బాలు చేత్తో పట్టుకుని ఇవతలే నిలబడ్డారు. కంచెకు కొత్త బోర్డు వేలాడుతోంది, రంగు వాసన కూడా పోలేదు: "గోడ పక్క గ్యాలరీ. ప్రవేశం 200."

ఒకప్పుడు లోపల కుర్చీలో కూర్చోవడానికి ఎంతో, ఇప్పుడు బయట రంగు డబ్బా మీద కూర్చోవడానికి అంత. పెద్దాయన బోర్డు రెండుసార్లు చదివాడు. కిటికీ దగ్గర రెండోసారి ధర అడిగినప్పుడు ఆయన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆవిడకు ఇప్పుడు తెలిసింది.

"మనిద్దరికీ నేనిస్తాను, పదండి" అంది.

"ఉండమ్మా. నా మటుకు పొద్దున నువ్విచ్చిన రెండొందలు జేబులోనే ఉన్నాయి. ఇన్నాళ్లకి అసలు పనికి ఖర్చవుతాయి" అని పెద్దాయన నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, తల వంచి, జేబులో వెతుకుతూ కంచె దగ్గరికి నడిచాడు.

ఆయన వెనకే వెళ్లిన టైలరమ్మ చంకలో స్టూలు జారుతుంటే కింద పెట్టడానికి వంగింది. టికెట్ ఇచ్చే మనిషి కాళ్లు కంచె అవతల కనిపించాయి. నీలం ప్యాంటు. ఎడమ కాలి అంచు చుట్టూ శుభ్రంగా నీలం కుట్టు, చివర నాలుగంగుళాలు నల్లదారం.

ఆవిడ వంగినచోటి నుంచి మెల్లగా పైకి చూసింది. మెడలో టికెట్ల మెషిన్ వేలాడుతోంది. టోపీ కింద భర్త మొహం పాలిపోయి ఉంది. ఆయన ఆవిణ్ణి చూడటం లేదు, తూర్పు స్టాండ్‌లో ఉండాల్సిన తండ్రిని చూస్తున్నాడు.

పెద్దాయనకు నోట్లు దొరికాయి. తల ఎత్తకుండానే వాటిని సాపు చేసి ముందుకు చాపాడు.

"వినడానికి కూడా టికెట్టేనా, బాబూ?"